జెర్సీ ధర మీద ‘సరే’ అన్నాను, ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న: మాది తెనాలి. పదకొండేళ్లుగా ఇంగ్లండ్ మిడ్‌లాండ్స్‌లోని ఒక చిన్న ఊళ్లో నేనూ నా భార్యా ఆటల దుస్తుల దుకాణం నడుపుకుంటున్నాం. బడి యూనిఫారాలు, బూట్లు అమ్ముతాం. వాటితోపాటు మా దగ్గరి ఫుట్‌బాల్ క్లబ్ జెర్సీలు కూడా. ఈ సీజన్ కొత్త జెర్సీకి కంపెనీ సూచించిన ధర 60 పౌండ్లు. నేను 52కే పెట్టాను, బేరం బాగా సాగింది. రెండు వారాలు తిరగకముందే పంపిణీదారు ఏజెంటు ఫోన్ చేశాడు. ‘‘పెద్ద షాపువాళ్లు గొడవ చేస్తున్నారు, క్లబ్‌కు కూడా నచ్చలేదు, మీరూ 60 చేయండి. సోమవారం నుంచి వాళ్లు 60కే అమ్ముతారు, నేను మాట్లాడాను’’ అన్నాడు. అదే మాట వాట్సాప్‌లోనూ పంపాడు. కాదంటే క్రిస్మస్ సరుకు ఆపేస్తారేమోనని భయపడి ‘సరే’ అని జవాబు పెట్టి ధర మార్చాను. ఇది నేరమని ఒక స్నేహితుడు అంటున్నాడు. మా ఆవిడ ఆ మెసేజ్‌లు తీసేయమంటోంది. హైదరాబాద్‌లో ఉన్న మా బావగారేమో ‘‘కంపెనీవాడు ఎమ్మార్పీ వేస్తాడు, మనం అమ్ముతాం, ఇందులో తప్పేముంది’’ అని నవ్వుతున్నారు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. నాలాంటి చిన్నవాడిని ఎవరు పట్టించుకుంటారు? ఏం చేయమంటారు?

– ఒక దుకాణదారు, ఇంగ్లండ్

జవాబు: అన్నిటికంటే ముందు, ఆ మెసేజ్‌లు తీసేయకండి. మీ ఆవిడ భయం అర్థమవుతుంది కానీ ఈ వ్యవహారంలో మిమ్మల్ని కాపాడగలిగినవి ఏమైనా ఉంటే అవే. దర్యాప్తు రావచ్చని అనుమానం ఉండి కూడా ఆధారాలు చెరిపేస్తే బ్రిటన్‌లో అది విడిగా మరో తప్పు. పైగా మీ ఫోనులో చెరిపినంత మాత్రాన ఏజెంటు ఫోనులోనూ, అతని పైవాడి కంప్యూటర్‌లోనూ చెరిగిపోదు.

ఇక సంతకం సంగతి. వ్యాపారులు ధరలు కూడబలుక్కోకుండా చూసే పోటీ చట్టం దృష్టిలో ఒప్పందమంటే స్టాంపు కాగితం కానక్కరలేదు. అతను అడిగాడు, మీరు ‘సరే’ అన్నారు, ధర మార్చారు. ఆ మూడూ చాలు. మీరు నోరు తెరవకుండా ధర మాత్రం మార్చి ఉన్నా దాదాపు అంతే సంగతి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టినది మాత్రం మీరు పెద్దగా పట్టించుకోని వాక్యం: ‘‘సోమవారం నుంచి వాళ్లు 60కే అమ్ముతారు, నేను మాట్లాడాను.’’ సరుకు ఇచ్చేవాడు దుకాణదారుకు ‘ఇంతకు తక్కువ అమ్మవద్దు’ అని చెప్పడం ఒక తప్పు. ఒక దుకాణం మాట మోసుకొచ్చి ఇంకో దుకాణానికి చెప్పి ఇద్దరి ధరలనూ ఒకే గాటన కట్టడం అంతకంటే పెద్ద తప్పు. పెద్ద షాపు యజమానితో మీరు ఒక్కసారి కూడా మాట్లాడలేదు, నిజమే. కానీ మధ్యలో రాయబారి ఉన్నాడు. మన దగ్గర మద్యం దుకాణాలవాళ్లు సిండికేటు కట్టారంటే అందరూ ఒక గదిలో కూర్చుని మాట్లాడుకున్నారనే అనుకుంటాం. అందరూ ఒకచోట చేరకుండానే సిండికేటు కట్టవచ్చని ఫుట్‌బాల్ జెర్సీల చరిత్రే చూపించింది.

ఆ చరిత్ర కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందులో మీ స్థానంలో నిలబడిన మనిషి ఒకరున్నారు.

బ్రిటన్‌లో 1998 నాటి పోటీ చట్టం 2000 మార్చి 1న అమల్లోకి వచ్చింది. అంతకుముందు ఏడాదే ఫుట్‌బాల్ అసోసియేషన్, ప్రీమియర్ లీగ్ వంటి సంస్థలు జెర్సీల ధరల్లో జోక్యాన్ని ఆపుతామని ప్రభుత్వానికి హామీలు ఇచ్చాయి. ఆ హామీల తడి ఆరకముందే యూరో 2000 పోటీలు వచ్చాయి. ఇంగ్లండ్ జట్టు జెర్సీ తయారుచేసేది అంబ్రో. మాంచెస్టర్ యునైటెడ్ జెర్సీ కూడా అప్పట్లో వాళ్లదే. పెద్దల జెర్సీ 39.99, పిల్లలది 29.99 పౌండ్లు. పెద్ద బజార్లలో ఎక్కడ చూసినా అదే. ఆ ధరను పట్టించుకోకుండా తగ్గించి అమ్ముతున్నది మైక్ ఆష్లీ నడిపే స్పోర్ట్స్ సాకర్ అనే సంస్థ. ఇప్పుడు మీ ఊళ్లోనూ కనిపించే స్పోర్ట్స్ డైరెక్ట్ దాని తర్వాతి పేరే. జేజేబీ స్పోర్ట్స్, ఆల్‌స్పోర్ట్స్ వంటి పెద్ద దుకాణాలవాళ్లు అంబ్రో దగ్గర మొరపెట్టుకున్నారు. అంబ్రో వెళ్లి ఆష్లీ మీద ఒత్తిడి పెట్టింది. సరుకు కావాలంటే ధర పెంచక తప్పదని అర్థమయ్యాక ఆయన పెంచారు. 2000 జూన్ 8న చెషైర్‌లో ఆల్‌స్పోర్ట్స్ అధిపతి డేవిడ్ హ్యూస్ ఇంట్లో ఆయన, జేజేబీ అధిపతి డేవ్ వీలన్, ఆష్లీ ముగ్గురూ కూర్చుని మాట్లాడుకున్నారు కూడా. ముగ్గురు పోటీదారులు, ఒకే ఇల్లు, ఒకే సరుకు. ఇంటికి పిలిచి మాట్లాడటంలో ఉన్న మర్యాద తెనాలి బజారులోనైనా చెషైర్‌లోనైనా ఒకటే. చట్టం మాత్రం ఆ మర్యాదను లెక్కలోకి తీసుకోలేదు.

2003 ఆగస్టు 1న అప్పటి నియంత్రణ సంస్థ ఆఫీస్ ఆఫ్ ఫెయిర్ ట్రేడింగ్ పది సంస్థలను తప్పుపట్టి, మొత్తం ఒక కోటి 86 లక్షల పౌండ్ల జరిమానాలు ప్రకటించింది. జేజేబీకి సుమారు 83.7 లక్షలు, అంబ్రోకు 66.4 లక్షలు, మాంచెస్టర్ యునైటెడ్‌కు 16.5 లక్షలు. ఆఖరికి ఫుట్‌బాల్ అసోసియేషన్‌కూ పడింది. తిలా పాపం తలా పిడికెడు. అప్పీలులో ట్రిబ్యునల్ కొందరికి కొంత తగ్గించింది. జేజేబీది 67 లక్షలకు దిగింది. ఆల్‌స్పోర్ట్స్‌కు మాత్రం 13.5 లక్షలు ఉన్నది 14.2 లక్షలకు పెరిగింది. అప్పీలుకు వెళ్లి ఎక్కువ కట్టుకున్నవాళ్లు అరుదు.

ఈ జాబితాలో మీరు చూడవలసిన అంకె అన్నిటికంటే చిన్నవాటిలో ఒకటి: స్పోర్ట్స్ సాకర్, 1.23 లక్షల పౌండ్లు. తగ్గించి అమ్మాలనుకున్నదీ వాళ్లే, ఒత్తిడికి లొంగినదీ వాళ్లే, ప్రభుత్వ సంస్థకు సంగతి చేరవేసినదీ వాళ్లే. అయినా జరిమానా తప్పలేదు. ‘సరుకు ఆపేస్తారని భయపడ్డాను’ అనే మాట జరిమానా తగ్గించడానికి పనికొస్తుందేమో కానీ తప్పును తుడిచివేయదు. మీరు నాకు రాసినది అచ్చంగా ఆ మాటే.

రాయబారం సంగతి 2006లో అప్పీలు కోర్టు తేల్చింది. ఒక దుకాణం తన ధర ఉద్దేశాన్ని సరఫరాదారుకు చెప్పింది. అది ఇంకో దుకాణానికి చేరి దాని ధరను ప్రభావితం చేయాలన్నదే తన ఉద్దేశమని అనుకోదగ్గ పరిస్థితుల్లో చెప్పింది. సరఫరాదారు అలాగే వాడాడు. ఆ మాట ఎలాంటి పరిస్థితుల్లో వచ్చిందో ఎరిగే ఆ రెండో దుకాణం దాని ప్రకారం నడుచుకుంది. అలాంటప్పుడు ముగ్గురూ ఒక్కటే. మీ కథలో ఆ రెండో దుకాణం మీరు.

‘అదంతా పాతికేళ్ల కిందటి సంగతి’ అనుకోకండి. ఇప్పుడు ఆ పని చూసే కాంపిటిషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ, అంటే సీఎంఏ, 2022 సెప్టెంబరులో గ్లాస్గోలోని రేంజర్స్ క్లబ్ మీద తీర్పు చెప్పింది. రేంజర్స్ జెర్సీని ఎలీట్ స్పోర్ట్స్ అనే సంస్థ క్లబ్ ఆన్‌లైన్ దుకాణంలో 60 పౌండ్లకు అమ్ముతుంటే జేడీ స్పోర్ట్స్ 55కి అమ్మింది. క్లబ్ నొచ్చుకుంది. ముగ్గురి మధ్య మాటలు నడిచాయి, జేడీ ధర 60 అయింది. ఎలీట్, జేడీ ఇద్దరూ మిగతా రేంజర్స్ దుస్తుల ధరల మీద కూడా 2019 వేసవి దాకా కుమ్మక్కయ్యారు. జేడీకి 14.85 లక్షల పౌండ్లు, ఎలీట్‌కు 4.59 లక్షలు, క్లబ్‌కు 2.25 లక్షలు. తప్పు ఒప్పుకున్నందుకు తగ్గించాక మిగిలిన మొత్తాలివి. మొదలు మాత్రం ఒక జెర్సీ మీద అయిదు పౌండ్లు. మీది ఎనిమిది.

మీకు దగ్గరి ప్రాంతపు కథ ఇంకొకటి, లెస్టర్ సిటీది. 2023లో ఆ క్లబ్ 8.8 లక్షల పౌండ్లు కట్టింది. అక్కడ ధర అంకె జోలికి కూడా పోలేదు. ఒక సీజన్‌లో క్లబ్ దుస్తులను జేడీ ఆన్‌లైన్‌లో అమ్మకూడదని అనుకున్నారు. తర్వాత జేడీకి మామూలుగా ఉండే 70 పౌండ్లు దాటితే ఉచిత డెలివరీ సదుపాయాన్ని లెస్టర్ దుస్తులకు వర్తింపచేయకూడదని అనుకున్నారు. సీఎంఏకు అది కూడా పోటీని అణచడమే. కాబట్టి ఏజెంటు రేపు వచ్చి ‘‘ధర మీ ఇష్టం, కానీ సాక్సులు ఉచితంగా ఇవ్వకండి, సేల్ బోర్డు పెట్టకండి’’ అంటే అదేదో తెలివైన రాజీ అని మురిసిపోకండి.

ఆ లెస్టర్ కేసులో జేడీ పైసా కట్టలేదు. కారణం ఒక్కటే, సంగతిని సీఎంఏ దగ్గరకు తీసుకువెళ్లింది వాళ్లే. మీ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. ఈ చట్టంలో తప్పు చేసినవాళ్లలో ముందుగా వెళ్లి చెప్పినవాడికీ రెండోవాడికీ మధ్య నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. మొదటివాడికి జరిమానా పూర్తిగా మాఫీ కావచ్చు. తర్వాత వచ్చినవాడికి తగ్గింపు మాత్రమే. సరఫరాదారు దుకాణదారు చేత ధర నిలబెట్టించే వ్యవహారాలకు కూడా ఈ క్షమాభిక్ష పథకం వర్తిస్తుంది. మీ కథలో క్లబ్, పంపిణీదారు, పెద్ద షాపు, మీరు కలిపి నలుగురున్నారు. పెద్ద షాపుకు జీతం మీద లాయర్లుంటారు. వాళ్లలో ఒకరు ఈ ఏడాది లెక్కలు తిరగేస్తూ ఆ మెసేజ్ చూశారంటే మీకంటే ముందు పరుగెత్తేది వాళ్లే. పంపిణీదారు దగ్గర పనిచేసే గుమాస్తా చెప్పినా చెప్పవచ్చు. ఇలాంటి కుమ్మక్కుల గురించి సమాచారమిచ్చిన బయటి మనిషికి సీఎంఏ 2.5 లక్షల పౌండ్ల దాకా బహుమతి ఇస్తుంది.

‘చిన్నవాడిని’ అన్నారు. నిజం చెప్పాలంటే ఒక చిన్న దుకాణం మీదకు సీఎంఏ అధికారులు దండెత్తి రావడం అంత సులువుగా జరగదు. చాలాసార్లు చిన్న వ్యవహారాల్లో హెచ్చరిక లేఖతో సరిపెడతారు. కానీ దాన్ని నమ్ముకుని కూర్చోకండి. చిన్న సంస్థల ఒప్పందాలకు జరిమానా నుంచి చట్టం ఇచ్చే రక్షణ ధరలు కట్టడి చేసే ఒప్పందాలకు వర్తించదు. జరిమానా మొత్తం టర్నోవర్‌లో పది శాతం దాకా ఉండవచ్చు. మీ దుకాణం లిమిటెడ్ కంపెనీ అయితే, డైరెక్టర్‌గా ఉండకుండా పదిహేనేళ్ల దాకా నిషేధించే అధికారమూ ఉంది. మీ స్నేహితుడు అన్న ‘నేరం’, జైలు అనే మాటలు వేరు. అవి పోటీదారులు నేరుగా కలిసి ధరలు కట్టిన సందర్భాలకు సంబంధించినవి. మీరు రాసినంతవరకు అది మీదాకా వచ్చే విషయంలా కనిపించదు. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ‘ఏజెంటుతో ఎందుకు, నేనే మాట్లాడి సర్దుకుంటాను’ అని పెద్ద షాపు మేనేజరుకు ఫోన్ చేయకండి. ఇప్పుడున్న చిక్కును చేతులారా పెద్దది చేసుకున్నట్టవుతుంది.

మరి ఏం చేయాలంటే, ఈ వారంలోనే పోటీ చట్టం తెలిసిన సొలిసిటర్‌ను, అంటే లాయరును, చూడండి. మీ దుకాణం లీజు కాగితాలు రాసిన ఆయన పనికిరారు, ఇది వేరే విద్య. ఖర్చు ఉంటుంది, కానీ మొదటి సంప్రదింపుకు అయ్యేది జరిమానా ముందు లెక్కలోది కాదు. మీ పేరు చెప్పకుండానే సొలిసిటర్ సీఎంఏకు ఫోన్ చేసి, ఈ వ్యవహారంలో మొదటి స్థానం ఇంకా ఖాళీగా ఉందో లేదో కనుక్కోవచ్చు. అది తేలేదాకా ఏజెంటుకు కోపంగా ఉత్తరం రాయవద్దు. మామూలుగా అయితే నేనే ‘వెంటనే రాతపూర్వకంగా కాదనండి’ అని చెప్పేదాన్ని. కానీ క్షమాభిక్ష కోరేవారు మిగతావాళ్లను ముందే అప్రమత్తం చేయకూడదన్నది సీఎంఏ పెట్టే షరతు. ఆ ఉత్తరం ఎప్పుడు రాయాలో, ధర ఎప్పుడు మార్చాలో సొలిసిటర్ చెబుతారు. మార్చడమైతే తప్పదు. 60 దగ్గర ఇలాగే నెలల తరబడి కూర్చుంటే తప్పు రోజురోజుకూ పెరుగుతుంది. ఆ తర్వాత 52 పెడతారో 57 పెడతారో, ఎవరి ప్రమేయం లేకుండా మీ లెక్క మీరు చూసుకుని 60కే అమ్ముతారో, అది మీ ఇష్టం. 60కి అమ్మడం తప్పు కాదు. 60కి అమ్మమంటే ఒప్పుకోవడం తప్పు.

సరుకు ఆపేస్తే? ఇక్కడ మీకు తీపి మాటలు చెప్పలేను. ధర తగ్గించినందుకు సరుకు ఆపుతానని బెదిరించడం కుమ్మక్కుకు బలమైన సాక్ష్యం, అందులో సందేహం లేదు. కానీ క్లబ్ గానీ కంపెనీ గానీ ప్రతి దుకాణానికీ సరుకు ఇచ్చి తీరాలనే నియమం ఏదీ లేదు. 2024లో న్యూకాజిల్ యునైటెడ్ తన కొత్త జెర్సీలు తమకు ఇవ్వడం లేదని స్పోర్ట్స్ డైరెక్ట్ కోర్టుకెక్కింది. సరుకు ఇవ్వమని మధ్యంతర ఉత్తర్వు కావాలంది. ట్రిబ్యునల్ ఇవ్వలేదు, అప్పీలు కోర్టూ ఇవ్వలేదు. స్పోర్ట్స్ డైరెక్ట్ అంతటి సంస్థకే అలా జరిగింది. (పద్నాలుగేళ్లు ఆ న్యూకాజిల్ క్లబ్ యజమాని ఎవరనుకున్నారు? ఈ మైక్ ఆష్లీయే. 2021లో అమ్మేశారు.) కాబట్టి వచ్చే సీజన్‌లో ఆ జెర్సీలు మీ దుకాణంలో ఉండకపోవచ్చు. యూనిఫారాల మీదా బూట్ల మీదా ఎంత వస్తుందో ఇప్పుడే ఒకసారి లెక్క వేసుకోండి. ఆ లెక్క తెలిస్తే ఏజెంటు గొంతు మీకు అంత పెద్దగా వినపడదు.

మీ బావగారి ఎమ్మార్పీ వాదన చాలా ఇళ్లలో వినిపించేదే, అందుకే రెండు మాటలు. ఎమ్మార్పీ గరిష్ఠ ధర. దాన్ని మించి అమ్మకూడదు, తగ్గించి అమ్మడానికి అడ్డు లేదు. మన కిరాణా కొట్లలో రెండు రూపాయలు తగ్గించి అమ్మే షావుకారు ఏ చట్టాన్నీ మీరడం లేదు. బ్రిటన్‌లోనూ కంపెనీ ధర సూచించవచ్చు, గరిష్ఠం చెప్పవచ్చు. ‘ఇంతకు తక్కువ వద్దు’ అన్నప్పుడే పేచీ. భారతదేశంలోనూ ఇది పేచీయే. డీలర్లు తాను అనుమతించిన దానికంటే ఎక్కువ డిస్కౌంటు ఇవ్వకుండా కట్టడి చేసిందని, కొనుగోలుదారుల వేషంలో మనుషులను షోరూములకు పంపి మరీ కనిపెట్టిందని, కాంపిటిషన్ కమిషన్ 2021 ఆగస్టులో మారుతి సుజుకీకి 200 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీ అప్పీలుకు వెళ్లింది, అది వేరే కథ. తేడా ఏమిటంటే, అక్కడ ఇలాంటి కట్టడి వల్ల పోటీకి నిజంగా దెబ్బ తగిలిందా అని చూస్తారు. మీరున్న చోట కట్టడి చేశారంటేనే తప్పు, దెబ్బ తగిలిందో లేదో చూపించనక్కరలేదు. మీ బావగారిని నవ్వనివ్వండి, దుకాణం ఆయనది కాదు కదా.

కొన్నవాళ్ల గురించి మీరు అడగలేదు. అయినా చెబుతాను, మీ దగ్గర 60 ఇచ్చి కొన్న పిల్లల తల్లిదండ్రులు రేపు మీకు ఎదురుపడేవాళ్లే. 2000 నాటి వ్యవహారం తర్వాత విచ్ అనే వినియోగదారుల సంఘం జేజేబీ మీద దావా వేసింది. 2008 జనవరిలో రాజీ కుదిరింది. ముందే చేరిన నూట ముప్ఫై మందికి తలా 20 పౌండ్లు. మిగతావాళ్లు రుజువు తెచ్చినా, ఆ పాత జెర్సీనే తెచ్చి చూపించినా 10. లక్షల జెర్సీలు అమ్ముడైన చోట చేరినవాళ్లు నూట ముప్ఫై మందే. ఆ మొత్తం జేజేబీకి లెక్కలోది కాదు. 2012లో ఆ కంపెనీ వేరే కారణాలతో మూతపడినప్పుడు దాని దుకాణాల్లో కొన్నిటిని కొనుక్కున్నది స్పోర్ట్స్ డైరెక్టే.

సొలిసిటర్‌ను కలిసేలోపు ఏజెంటు మళ్లీ ఫోన్ చేస్తాడు, తప్పకుండా చేస్తాడు. పోట్లాడవద్దు, ‘సరే’ అనీ అనవద్దు. దుకాణంలో మనుషులున్నారు, తర్వాత మాట్లాడతానని పెట్టేయండి. పెట్టేశాక గల్లా పెట్టె పక్కనుండే నోటు పుస్తకంలో తేదీ, సమయం, అతను అన్న మాటలు అన్నట్టుగానే, తెలుగులోనైనా సరే, రాసిపెట్టుకోండి. వాట్సాప్ సంభాషణ ఒక ప్రతి తీసి మీ ఆవిడ చేతికివ్వండి. తీసేయమన్న ఆమే దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయాలి.